చిన్న వయసు తల్లులు – మన బాధ్యత

బాల్య వివాహాలు ఆపాలని మన హాస్టళ్లలో ఎన్నో సభలు, వ్యాసరచన పోటీలు జరిగాయి. కానీ పెండ్లి ఆగకపోతే, ఆ అమ్మాయి పదహారో ఏటనో పదిహేడో ఏటనో తల్లి అయితే, ఆమెకు ఎవరు తోడుండాలి? ఈ ప్రశ్న మనం ఎక్కువగా వేసుకోలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెండ్లి అయింది. అంటే దాదాపు నలుగురిలో ఒకరు. ఇది మన పక్క బెంచీ లెక్క.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. పని కోసం పల్లెల నుంచి, తండాల నుంచి వచ్చిన కుటుంబాలు ఊరి చివరి వాడల్లో కిరాయి గదుల్లో ఉంటాయి. తల్లిదండ్రులు పొద్దున్నే అడ్డా మీదికి పోతే ఎదిగిన బిడ్డ ఇంట్లో ఒంటరి. ఆ భయం, ఆలస్యమైతే కట్నం పెరుగుతుందన్న లెక్క, రెండూ కలిసి పెండ్లికి తొందర పెడతాయి.

చిన్న వయసు కాన్పులో గుర్రపు వాతం, ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువని, బిడ్డ తక్కువ బరువుతో లేదా నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇలాంటి తల్లికే ఆస్పత్రి అందరికన్నా ముందు కావాలి. కానీ కేసు అవుతుందన్న భయంతో ఇంటివాళ్లు ఆమెను దాచిపెడతారు. ఇక్కడ స్పష్టంగా తెలుసుకోవాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఆస్పత్రికి ఉన్నది నిజమే. కానీ ఆ అమ్మాయి నేరస్తురాలు కాదు, రక్షణ పొందవలసిన బాలిక. కేసు పేరు చెప్పి వైద్యం నిరాకరించడానికి వీల్లేదు.

ఆశా అక్క దగ్గర పేరు రాయించుకుంటే పరీక్షలు, ఐరన్ మాత్రలు అందుతాయి. ఆస్పత్రిలో కాన్పు అయితే 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆమె ఆరుసార్లు ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. అంగన్‌వాడీలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. అయితే అమ్మాయి అత్తగారింటికి, తల్లిగారింటికి తిరుగుతూ ఉంటే ఏ జాబితాలోనూ ఆమె పేరు నిలవదు. కాబట్టి తల్లీబిడ్డల కార్డు ఎక్కడికి పోయినా వెంట ఉండాలి.

చట్టం ఆమె పక్షాన కూడా ఉంది. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం కింద, 18 నిండిన తర్వాత రెండేళ్లలోపు ఆ పెండ్లిని రద్దు చేయమని ఆమె జిల్లా కోర్టును అడగవచ్చు. మైనరుగా ఉన్నప్పుడే అడగాలంటే సంరక్షకుడు, బాల్య వివాహ నిషేధ అధికారి ద్వారా వేయాలి. రద్దయినా మనోవర్తి కోరవచ్చు. బిడ్డ చట్టబద్ధ సంతానమే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకు ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఇక చదువు. ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశం గర్భిణులైన బాలికలను బడికి రానివ్వని నిషేధాన్ని 2020లో ఎత్తేసింది. మన దగ్గర అలాంటి నిషేధం లేదు. కానీ చంటిబిడ్డను ఎవరు చూడాలి, నలుగురూ ఏమనుకుంటారు అన్న రెండు మాటలే గేటుకు తాళం వేస్తాయి. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో 14 ఏళ్లు నిండితే పది, 15 నిండితే ఇంటర్ చేరవచ్చు. ఆ తర్వాత అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ. రోజూ తరగతికి పోనవసరం లేదు కాబట్టి బిడ్డ తల్లికి ఇది అందే దారి. దీనికి టీసీ, మెమో కావాలి. వయసుకు బలమైన రుజువు కూడా అవే.

ఈ ఆలోచన కొత్తది కాదు. తొమ్మిదేళ్లకే పెండ్లయిన సావిత్రిబాయి ఫూలే, జ్యోతిరావుతో కలిసి 1863లో పూణేలో గర్భిణులైన వితంతువుల కోసం ఇల్లు తెరిచింది. "ఎందుకిలా జరిగింది" అని అడగలేదు. ముందు తలుపు తీసింది.

మన ఇండ్లలో మొదటి డిగ్రీ మనది. దరఖాస్తు నింపడం, ఆఫీసులో మాట్లాడడం మనకు వచ్చు. పెండ్లి జరగబోతోందని తెలిస్తే 1098కి ఫోన్ చేద్దాం. జరిగిపోతే ఆమెతో మాటలు మానుకోవద్దు. ప్రతి హాస్టల్ పూర్వ విద్యార్థుల సంఘం చదువు మానేసిన అమ్మాయిల జాబితా ఒకటి రాసుకోవాలి. ఒక్కొక్కరి బాధ్యత ఒక్కొక్కరు తీసుకుని టీసీ ఇప్పించాలి, ఓపెన్ స్కూల్ ఫీజు కట్టాలి, పరీక్ష రోజు బిడ్డను ఎత్తుకుని బయట కూర్చోవాలి. హాస్టల్ మనకు పెట్టిన అన్నానికి ఇంతకన్నా మంచి బదులు లేదని మా నమ్మకం.