పాత్రలో పెరుగు చర్మము

గత సంవత్సరము మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె సబ్బుబిళ్ళకు చుట్టిన కాగితమును తరగతికి దెచ్చి, దానిపై ముద్రింపబడిన కుందేటి బొమ్మను జూపి, "అయ్యా, సబ్బునకును కుందేటికిని సంబంధ మేమి?" అని యడిగెను. "ఈ సబ్బును జంతువులపై పరీక్షింపలేదని తెలుపు గుఱుతది" యని మేము చెప్పితిమి. అంతట వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, "అట్లయిన మనపై పరీక్షింతురా?" యనెను. తరగతి యంతయు నవ్వెను గాని, ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు. ఒక క్రొత్త పదార్థము మన చర్మమునకు హాని చేయునో చేయదో ముందుగా తెలిసికొనక తప్పదు. ఆ కష్టమును నోరులేని జీవిపై మోపక, మనుష్యునిపైనను మోపక తెలిసికొను మార్గము గలదా? కొంతవఱకు కలదు. దానిని విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విశదపఱచుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

కుందే లీ విషయములోనికి ఎట్లు వచ్చెనో మొదట తెలిసికొందము. 1933వ సంవత్సరమున అమెరికాదేశమునందు కనుబొమలకును, కనుఱెప్పల వెండ్రుకలకును వేయు రంగొకటి అమ్మబడుచుండెను. దానివలన కొందఱు స్త్రీల కన్నులు చెడెను. చూపు కోల్పోయినవారును గలరు. 1937లో సల్ఫనిలమైడు అను మందును విషద్రవమొకదానియందు కరగించి యమ్మగా, దానిని త్రాగి నూఱుమందికి పైగా మరణించిరి. వారిలో పసివారు పెక్కురు. ఇట్టి విపత్తుల ఫలితముగా 1938లో ఆ దేశము మందులను, అలంకరణద్రవ్యములను అదుపునం దుంచు క్రొత్త చట్టమును జేసెను. 1944లో ఆ ప్రభుత్వశాఖయందు పనిచేయుచుండిన జాన్ డ్రేజ్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక పరీక్షావిధానమును ప్రకటించిరి. కుందేటి వీపుపై వెండ్రుకలను కత్తిరించి, అచ్చట పదార్థమును పూసి కట్టుకట్టి, పిమ్మట ఎఱుపును, వాపును చూచి 0 మొదలు 4 వఱకు మార్కులు వేయుదురు. పదార్థమును కుందేటి కంటిలో వేసి చూచుటయు ఇందొక భాగమే. ఈ పద్ధతి అనేక దేశములందు వ్యాపించెను.

ఆ శాస్త్రజ్ఞులను క్రూరులని నిందించుట న్యాయము కాదు. మనుష్యుల కన్నులు చెడకుండ కాపాడుటకే వారు పూనుకొనిరి. "మా బిడ్డకంటె కుందేలు ఎక్కువా?" యని ఒక తల్లి యడిగినచో ఆమె మాటను తోసివేయజాలము. అయినను ఆమెయు ఆలోచింపవలసిన విషయములు రెండు గలవు. కుందేటి చర్మము మన చర్మమువంటిది కాదు. దట్టమైన బొచ్చు గలది; పెక్కు పదార్థములను మన చర్మముకంటె సులభముగా లోనికి పోనిచ్చును. కాబట్టి కుందేటికి మంట పుట్టించునది మనకు పుట్టింపకపోవచ్చును. రెండవది, ఎఱుపెంత, వాపెంత యని కంటితో అంచనా వేయుటలో మనిషికిని మనిషికిని భేద ముండును. 1971లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఒకే పదార్థములను ఇరువదికి మించిన ప్రయోగశాలలకు పంపగా, వారు చెప్పిన ఫలితములు ఒకదానితో నొకటి పొసగలేదు. అనగా కుందేటి బాధ యంతయు పడినను, బిడ్డకు కలుగవలసిన రక్షణ నిశ్చయముగా కలుగలేదు.

1959లో ఇంగ్లండునందు రస్సెల్, బర్చ్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు ప్రకటించిన గ్రంథమున మూడు సూత్రములు చెప్పబడెను. జంతువునకు బదులు మఱొకదానిని వాడుట మొదటిది. వాడు జంతువుల సంఖ్యను తగ్గించుట రెండవది. వాడక తప్పనిచోట బాధను తగ్గించుట మూడవది. మొదటి సూత్రమును చర్మము విషయమున నెఱవేర్పవలెనన్న, మనుష్యశరీరమునకు వెలుపల మానవచర్మము పెరుగవలయును. అది ఎట్లు సాధ్యమయ్యెనో చూతము.

మన చర్మముయొక్క పైభాగము కాగితమువలె పలుచనిది. దాని యడుగున బ్రతికియున్న కణములు నిరంతరము విభజన పొందుచుండును. క్రొత్తవి పుట్టినకొలది పాతవి పైకి నెట్టబడి, చదునై, గట్టిపడి, తుదకు చచ్చి, తాటాకులు ఒకదానిపై నొకటి పఱచిన ఇంటికప్పువలె ఏర్పడును. వాననీరు ఇంటిలోనికి రాకుండ కప్పు కాచినట్లు, ఈ మృతకణముల పొర పరపదార్థములను లోనికి రానీయక కాచును. స్నానమున రుద్దుకొనునప్పుడు రాలు మట్టిలో ఈ పాత కణములే కొన్ని యుండును.

ఈ కణములను పాత్రలలో పెంచుటకు పూర్వము పలువురు ప్రయత్నించిరి గాని, అవి కొలదికాలములోనే క్షీణించుచుండెను. 1975లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ అనువారు చుంచెలుకలలోని ఒక కంతిని గూర్చి పరిశోధించుచు, చర్మకణములను పోలిన కణముల గుంపులు పెరుగుటను గమనించిరి. ఆ జాడను బట్టి, విభజనశక్తి యుడిపిన చుంచెలుక కణములను పాత్రయడుగున పఱచి వానిపై మానవచర్మకణములను నాటగా, ఇవి దాదులచే పోషింపబడిన బిడ్డలవలె విస్తారముగా పెరిగెను. 1983లో ఒళ్లంతయు కాలిపోయిన ఇద్దఱు చిన్న అన్నదమ్ములకు, కాలక మిగిలిన కొంచెము చర్మమునుండి ఇట్లు పెంచిన పొరలను బోస్టను నగరమున అంటింపగా, ఇద్దఱును బ్రతికిరి. వారి దేహములో ఇంచుమించు సగభాగమును ఆ చర్మమే కప్పెను.

అయినను ద్రవములో మునిగి పెరిగిన పొరకు గట్టి పైకప్పు ఏర్పడదు. కణములు కొంత పెరిగిన పిమ్మట వానిని పైకెత్తి, అడుగున పోషకద్రవమును, పైన గాలియు తగులునట్లు ఉంచినచో, మన దేహముపై జరుగునట్లే పొరలుపొరలుగా ఎదిగి పైకప్పును తామే నిర్మించుకొనును. శస్త్రచికిత్సలయందు తీసివేయబడి పాఱవేయవలసిన చర్మమును, ఇచ్చువారి యనుమతితో గైకొని, అందలి కణములను ఇట్లు పెంచుచున్నారు. ఫ్రాన్సుదేశపు ఎపిస్కిన్, అమెరికాదేశపు ఎపిడెర్మ్ అనునవి ఇట్టి నమూనాలలో పేరుగాంచినవి. ఒక్కొక్క ముక్క చొక్కా బొత్తామంత యుండును.

ఇక పరీక్ష జరుగు విధము వినుడు. పదార్థమును మూడు ముక్కలపై పూసి, నమూనానుబట్టి పావుగంట మొదలు గంటవఱకు ఉంచి కడిగివేయుదురు. పిమ్మట 42 గంటలు వెచ్చని పెట్టెలో నుంతురు. అటుపిమ్మట ఎం.టి.టి. యను పసుపుపచ్చని రంగునం దుంచుదురు. బ్రతికియున్న కణములు మాత్రమే ఆ పసుపును వంకాయరంగుగా మార్చగలవు, చచ్చినవి మార్చలేవు. ఆ వంకాయరంగును కరగించి దీసి, అది ఎంత చిక్కగా నున్నదో యంత్రముతో కొలుతురు. ఏ హానియు చేయని ద్రవము పూసిన ముక్కలతోను, హాని చేయునని తెలిసిన సబ్బుజాతి ద్రవము పూసిన ముక్కలతోను పోల్చిచూతురు. బడిపరీక్షలో వలెనే ఇందును హద్దొకటి గలదు. నూటికి 50కి మించి కణశక్తి మిగిలిన, ఆ పదార్థము చర్మమునకు మంట పుట్టింపదని యెంచుదురు. 50గాని, అంతకు తక్కువగాని మిగిలిన, మంట పుట్టించునని నిర్ణయింతురు. కంటి యంచనాకు బదులు కొలత వచ్చుటయే ఇందలి గొప్ప లాభము.

ఈ పద్ధతిని వెంటనే యెవ్వరును నమ్మలేదు. గుణము ముందే తెలిసిన పదార్థములను, పేర్లు మఱుగుపఱచి, వేర్వేఱు ప్రయోగశాలలకు పంపి సరిచూచిన పిమ్మటనే 2007లో ఐరోపా పరీక్షకులు కుందేటికి బదులుగా దీని నంగీకరించిరి. ఓ.ఈ.సీ.డీ. యను అంతర్జాతీయ సంస్థ చర్మమును తినివేయు పదార్థములకు 2004లోను, మంట పుట్టించువానికి 2010లోను ఇట్టి పరీక్షలను విధించు నియమావళిని ప్రకటించెను. జంతువులపై పరీక్షింపబడిన అలంకరణద్రవ్యముల యమ్మకమును ఐరోపా సమితి 2013లో పూర్తిగా మాన్పెను. మన భారతదేశము అలంకరణద్రవ్యములను జంతువులపై పరీక్షించుటను 2014లో నిషేధించి, అట్లు పరీక్షింపబడినవాని దిగుమతిని సైత మదే సంవత్సరమున నిలిపివేసెను. మన హైదరాబాదునందలి సీసీఎంబీ సంస్థకు చెందిన అంకురకేంద్రమునందును, మానవకణముల నమూనాలను పెంపొందించుటకై యొక విభాగ మేర్పడినది.

లోపములను దాచుట శాస్త్రము కాదు గావున వానినిగూడ చెప్పెదము. ఈ చర్మమునకు రక్తనాళములు లేవు, నరములు లేవు, వెండ్రుకలు లేవు, చెమటగ్రంథులు లేవు. మన చర్మముకంటె ఇది సులభముగా పదార్థములను లోనికి పోనిచ్చును. మంటను తెలుపును గాని, దురదయు, దద్దురులును పుట్టు గుణమును తెలుపజాలదు. అందులకు వేఱు పరీక్షలు కావలెను. మ్రింగిన మందు కాలేయమును ఏమి చేయునో ఈ బొత్తామంత ముక్క చెప్పజాలదు. అందుచేత మందుల పరిశోధనయందు జంతువుల వాడుక నేటికిని పోలేదు. అంతేగాక, తొలినాళ్ళ పద్ధతులకు చుంచెలుక కణములును, దూడల రక్తమునుండి దీసిన ద్రవమును అవసరమయ్యెను. వానినిగూడ విడుచు మార్గములను శాస్త్రజ్ఞులు కనుగొనుచున్నారు.

ఆ బాలుని ప్రశ్నకు ఇపు డుత్తర మీయగలము. నాయనా, పరీక్ష మనపైననే జరుగుచున్నది. కాని మనలను విడిచి వచ్చిన చర్మముపై, ఎవరికిని నొప్పి కలుగకుండ జరుగుచున్నది. తల్లి బిడ్డను కోరుటకును, బాలిక కుందేటిపై జాలిపడుటకును విరోధము లేదని ఈ చిన్న ముక్క చూపినది. చర్మమువఱకు దారి తెఱవబడెను. కాలేయము, గుండె, మెదడు ఇంకను మిగిలియున్నవి. ఆ పని నేడు మా బల్లలపై కూర్చున్నవారిలో కొందఱికైనను దక్కునని మేము ఆశించుచున్నాము.