ఆటయంత్రమునకు గాదె యెంత?

గృహస్థుడు గాదెను కట్టించుకొనునపుడు తన పొలమున పండు ధాన్యమెంతయో ముందుగా లెక్క చూచుకొనును. పండునది పది బస్తాలై, గాదె నూఱు బస్తాలదైనచో ఇంట చోటును చేతిలో ధనమును వృథా యగును. పండునది నూఱు బస్తాలై, గాదె పదింటిదైనచో తక్కిన ధాన్యము వాన పాలగును. ఈ లెక్క మన పెద్దలకు వెన్నతో పెట్టిన విద్య. నేడు బాలబాలికలు కోరుచున్న చేతి ఆటయంత్రములను కొనునపుడును ఇట్టి లెక్కయే అవసరమగుచున్నది. ఒకే యంత్రమును రెండు మూడు నిలువ పరిమాణములలో, వేఱు వేఱు ధరలకు అమ్ముచుందురు. పైకి చూచిన అవి యన్నియు ఒక్క తీరుననే కానవచ్చును. ధరలోని భేదము మాత్రము తల్లిదండ్రుల నెల జమాఖర్చులో స్పష్టముగా కానవచ్చును. కావున ఏది కొనవలెనో ముందుగా విచారించుట వివేకము.

నిలువ యనగా నేమో మొదట తెలిసికొందము. విద్యార్థి చదువుకొనునపుడు బల్లమీద రెండు మూడు పుస్తకములను మాత్రమే తెఱచి యుంచుకొనును. తక్కినవి బీరువాలో నుండును. ఆటయంత్రమునందును ఇట్టి యేర్పాటే కలదు. ఆట నడచుచున్నంతసేపు కావలసిన విషయములు నిలుచు చోటు బల్ల వంటిది. విద్యుత్తు ఆగినంతనే అది ఖాళీ యగును. ఆటలన్నియు భద్రముగా నుండు చోటు బీరువా వంటిది. దీనినే నిలువ యందురు. అంగడివాడు 256 అనియు 512 అనియు చెప్పు అంకెలు ఈ బీరువాకు సంబంధించినవే. ఈ నిలువకు నేడు ఫ్లాష్ మెమరీ యను సిలికాను బిళ్ళను వాడుచున్నారు. జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఒకా అను శాస్త్రజ్ఞుడు 1980 తరువాతి సంవత్సరములలో దీనిని కనిపెట్టెను. అందు కోట్లకొలది సూక్ష్మమైన అరలు కలవు. ఆ యరలలో ఎలక్ట్రానులు బంధింపబడి యుండుటను బట్టి సమాచారము నిలుచును. కనుకనే యంత్రమును ఆర్పి మఱునాడు వెలిగించినను ఆట చెక్కుచెదరక యుండును.

ఈ నిలువను కొలుచుటకు మూలమానము బైటు. ఒక ఇంగ్లీషు అక్షరమును దాచుటకు ఒక బైటు చాలును. నూఱు కోట్ల బైట్లు ఒక గిగాబైటు. వేయి గిగాబైట్లు ఒక టెరాబైటు. ఐతే ఈ కొలతలో ఒక చిక్కు కలదు. పూర్వము మన దేశమున ఒక సీమ తూము మఱియొక సీమ తూముతో సరిపోయెడిది కాదు. 1956లో తూనికల కొలతల చట్టము వచ్చిన పిమ్మట మెట్రిక్ పద్ధతి క్రమముగా నెలకొని ఆ చిక్కు తీఱినది. గిగాబైటు విషయమున అట్టి చిక్కు ఇంకను మిగిలియున్నది. బిళ్ళను చేయువారు వేయిని మూడుసార్లు హెచ్చించి గిగాబైటును లెక్కింతురు. విండోస్ వ్యవస్థ 1024ను మూడుసార్లు హెచ్చించి లెక్కించును. అనగా దాని తూము 107,37,41,824 బైట్లు పట్టు పెద్ద తూము. అందుచేత 512 అని కొన్నది అట్టి యంత్రపు తెరపై సుమారు 477గాను, 256 అని కొన్నది సుమారు 238గాను కానవచ్చును. ఇందు ఎవరును దొంగిలించినది లేదు. తూము పెద్దదగుటచే లెక్క తగ్గినది, అంతియే.

దీనికి తోడు, యంత్రమును నడపు వ్యవస్థ తానును కొంత చోటు ఆక్రమించును. 2017లో నింటెండో సంస్థ వెలువరించిన స్విచ్ అను యంత్రమున 32 గిగాబైట్ల నిలువ యుండెను. అందు ఆటలకు మిగిలినది సుమారు 26 మాత్రమే. ఆ యేడే వెలువడిన జెల్డా ఆట యొకటి, అంతర్జాలము ద్వారా దింపుకొన్నచో, 13.4 గిగాబైట్లు పట్టెడిది. అట్టి ఆటలు రెండైనచో 26.8 కావలెను. అనగా రెండవదానికి చోటు చాలదు. పెట్టెపై నున్న అంకెను గాక, మిగులు అంకెను చూడవలెనని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఈ కొలతలు ఎట్లు పెరిగినవో చూచిన మనకు ఆశ్చర్యము కలుగును. 1989లో వచ్చిన గేమ్ బాయ్ అను చేతియంత్రమున ఆటలను దాచుటకు బీరువాయే లేదు. ఒక్కొక్క ఆట ఒక్కొక్క చిన్న బిళ్ళలో వచ్చెడిది. దానిని యంత్రమునకు తగిలించి ఆడుకొనెడివారు. లోకప్రసిద్ధమైన టెట్రిస్ ఆట అందు 32 కిలోబైట్లు, అనగా 32,768 బైట్లు మాత్రమే. 2022లో వాల్వ్ సంస్థ స్టీమ్ డెక్ అను యంత్రమును తెచ్చినపుడు, అందలి మిక్కిలి చిన్న రకమునకు 64 గిగాబైట్ల నిలువ యుండెను. 6,400 కోట్లను 32,768 చేత భాగించి చూడుడు. శేషము లేకుండ 19,53,125 వచ్చును. ఇది 5 యొక్క 9వ ఘాతము. అన్ని టెట్రిస్ ఆటలు పట్టు ఆ గాదెలో, 2023లో వెలువడిన హాగ్వార్ట్స్ లెగసీ అను ఆట ఒక్కటియైనను పట్టదు. ఏలయన, కంప్యూటరుపై దానికి 85 గిగాబైట్లు కావలెనని దానిని చేసినవారే తెలిపియున్నారు.

ఆటలు ఇంతగా ఎందులకు పెరిగినవి? ముఖ్యకారణము చిత్రములు. అడ్డమునకు 4,096, నిలువునకు 4,096 చుక్కలు గల ఒక్క చిత్రమున, చుక్కకు 4 బైట్ల చొప్పున లెక్కించినచో, 6 కోట్ల 71 లక్షల బైట్లు పట్టును. అట్టి చిత్రములు ఒక పెద్ద ఆటలో వేలకొలది యుండును. వానిని కుదించి దాచినను రాశి పెద్దదే. పాత్రల సంభాషణలు, సంగీతము దీనికి తోడు. ఐనను ఆటలన్నియు పెద్దవి కావు. 2016లో వెలువడిన స్టార్‌డ్యూ వ్యాలీ అను సేద్యపు ఆటకు అర గిగాబైటు చాలును. హాలో నైట్ అను ఆటకు 9 గిగాబైట్లు చాలును. కావున "ఆటకు ఎంత చోటు కావలెను?" అను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. "ఏ ఆటకు?" అని అడుగవలెను.

ఇక కొనుగోలుదారు తన్నుతాను వేసికొనవలసిన ప్రశ్నలు మూడు.

మొదటిది: ఒక్కసారిగా ఎన్ని ఆటలు నిలువ యుండవలెను? కోరిన ఆటలన్నింటిని కూడినచో సంఖ్య ఆకాశమంటును. ఆడుటకు దొరకు కాలమును బట్టి లెక్కించుట మేలు. బడి, చదువు, మైదానమున ఆటపాటలు పోగా దినమునకు గంట మిగులు విద్యార్థి, పది ఆటలను ఒక్కసారి ఆడజాలడు. రెండు మూడు చాలును. ఆడి ముగించినదానిని తీసివేసి, మఱియొకదానిని చేర్చుకొనవచ్చును. ఆ రెండు మూడింటి పరిమాణములను ఆట అమ్ముచోట చూచి, కూడి, దానిపై నాల్గవ వంతు కలుపవలెను. ఆటలకు సవరణలు వచ్చునపుడు అదనపు చోటు అవసరమగును గదా.

రెండవది: తరువాత నిలువను పెంచుకొను వీలు కలదా? పెక్కు యంత్రములలో గోరంత కార్డును దూర్చుటకు సందు కలదు. అట్టి వీలున్నచో నేడు చిన్నది కొని, అవసరము వచ్చిన నాడు కార్డును చేర్చుకొనవచ్చును. ఐతే ఇందు మూడు మెలకువలు కలవు. కార్డు లోపలి నిలువకంటె మందముగా పనిచేయుట సాధారణము, కావున ఆట తెఱచుకొనుటకు ఎక్కువసేపు పట్టును. స్విచ్ యంత్రమున, ఆటలో మనము సాధించిన ప్రగతి లోపలి నిలువలోనే యుండును గాని కార్డులో నుండదు. కావున లోపలి చోటు పూర్తిగా నిండనీయరాదు. మఱియు ఏ కార్డైనను ఏ యంత్రమునకైనను పనికివచ్చునని తలపరాదు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో, ఎక్స్‌ప్రెస్ అను క్రొత్త జాతి మైక్రో ఎస్‌డీ కార్డుపై మాత్రమే ఆటలను నిలుపవచ్చును. పాత కార్డు ఆ సందులో పట్టును గాని దానిపై ఆట నిలువదు. ఆ యంత్రమునకు అమ్ముచున్న ఆటబిళ్ళలలో కొన్ని తాళపుచెవుల వంటివి. ఆట అందుండదు, అంతర్జాలమునుండి దింపుకొనవలెను. బిళ్ళ కొన్నాము గదా, నిలువతో పనిలేదు అనుకొన్నవారికి ఇచట లెక్క తప్పును.

మూడవది: ఇంట అంతర్జాలము ఎట్టిది? ఈ ప్రశ్న చాలమందికి తోచదు, కాని మన ఊళ్ళలో ఇదియే ముఖ్యము. సెకనుకు 40 మెగాబిట్ల వేగము గల తీగ సంబంధము ఉన్న యింట, ఆ వేగమును 8 చేత భాగించినచో సెకనుకు 5 మెగాబైట్లు వచ్చును. 85 గిగాబైట్ల ఆటను దింపుటకు 17,000 సెకనులు, అనగా సుమారు 4 గంటల 43 నిమిషములు పట్టును. అట్టివారు ఆటను తీసివేసి మరల తెచ్చుకొనుట కష్టము కాదు. దినమునకు 2 గిగాబైట్లు మాత్రమే లభించు ఫోను సంబంధముపై ఆధారపడిన యింట, అదే ఆటకు 43 దినములు కావలెను. అదియు ఆ ఫోనును ఎవరును మఱి దేనికిని వాడకున్నప్పుడు. నూతిలో నీరు సమృద్ధిగా నున్నవానికి చిన్న కుండ చాలును. నీరు వారమునకొకసారి వచ్చు వీథిలో పెద్ద తొట్టి కావలెను.

ఈ మూడు ప్రశ్నలను ఇద్దఱు విద్యార్థులకు అన్వయించి చూతము. మొదటిది పట్టణమున, తీగ సంబంధము గల యింట నున్న బాలిక. ఆమె కోరినవి అర గిగాబైటు, 9 గిగాబైట్లు, 60 గిగాబైట్లు పట్టు మూడాటలు. మొత్తము 69.5. నాల్గవ వంతు కలిపిన సుమారు 87. ఆమెకు 256 గల యంత్రము ధారాళముగా చాలును. రెండవవాడు ఫోను సంబంధముతో గడుపు పల్లెవాసి. పట్టణమునకు పోయినపుడు బంధువుల యింట ఆటలను దింపుకొని తెచ్చుకొనును. 85 గిగాబైట్ల ఆట యొకటి, 60 గిగాబైట్లవి రెండు అతనికి కావలెను. మొత్తము 205. నాల్గవ వంతు కలిపిన 256 దాటును. 256 గల యంత్రమున మిగులునది అంతకంటె తక్కువయే గదా. ఇతనికి 512 తగును. ధనము ఎక్కువ యున్నవాడు పెద్దది, తక్కువ యున్నవాడు చిన్నది కొనవలెనను నియమము ఇందు లేదు, అవసరమే ప్రమాణము.

ఇక ధర. పెద్దదానికి చిన్నదానికి గల ధరల భేదమును, నిలువల భేదముచేత భాగించినచో గిగాబైటునకు ఎంత చెల్లించుచున్నామో తేలును. అమెరికాలో 2022లో 64 గల స్టీమ్ డెక్ ధర 399 డాలర్లు, 256 గలదాని ధర 529 డాలర్లు. భేదము 130 డాలర్లు, 192 గిగాబైట్లు. అనగా గిగాబైటునకు సుమారు 68 సెంట్లు. 2023 నవంబరులో వచ్చిన క్రొత్త రకమున 512 గలదానికి 549, టెరాబైటు గలదానికి 649 డాలర్లు. భేదము 100 డాలర్లు, 488 గిగాబైట్లు. అనగా గిగాబైటునకు సుమారు 20 సెంట్లు. ఐతే అంకెయొక్కటే చాలదు. 2022 నాటి 64 గల రకమున నిలువ పరిమాణమున చిన్నదే గాక, వేగమునను తక్కువ జాతిది. అట్టిచోట ఎక్కువ ధర చోటునకే గాక వేగమునకును చెల్లించినట్లగును. ఈ భాగాహారము చేసి, వచ్చిన ఫలమును విడిగా కొను కార్డు ధరతో పోల్చి చూచినచో, ఏది లాభమో చిన్నపిల్లవానికైనను తెలియును.

కార్డును కొనువారికి ఒక హెచ్చరిక. మిక్కిలి చౌకగా అమ్మబడు కార్డులలో నకిలీవి కలవు. లోపల నున్నది కొద్దిపాటి నిలువయే ఐనను, యంత్రమునకు పెద్ద అంకె చూపునట్లు వానిని మార్చియుందురు. మొదట అంతయు సవ్యముగానే తోచును. నిజమైన చోటు నిండిన పిమ్మట క్రొత్తగా వ్రాసినది నిలువదు, పాతదియు చెడిపోవచ్చును. అప్పటికి తిరిగి యిచ్చు గడువు దాటియుండును. కావున నమ్మకమైన అంగడిలో కొనవలెను. కొన్న వెంటనే కార్డును పూర్తిగా నింపి, నింపినది యథాతథముగా మరల చదువబడుచున్నదో లేదో పరీక్షింపవలెను. ధాన్యము కొనువాడు బస్తాలో పైగింజలనే గాక అడుగు గింజలను తీసి చూచుట ఇందులకే.

విద్యార్థులారా! తోటివాని చేతిలో పెద్ద అంకె గల యంత్రమున్నదని మనకును అదియే కావలెననుట తగదు. కొన్ని రూపాయలు మిగిలినవని చాలని దానిని తెచ్చుకొని, ఏడాది తిరుగకముందే మఱియొకదానికి ధనము పోయుటయు తగదు. ఆడు ఆటలెన్ని, పెంచుకొను వీలెంత, తెచ్చుకొను దారి యెట్టిది అను మూడింటిని ఒక కాగితముపై వ్రాసి, కూడికయు భాగాహారమును చేసి, ఆ కాగితమును తల్లిదండ్రుల ముందుంచుడు. వారు కొనిపెట్టినను, ఇప్పుడు వలదన్నను, ఆ మాట లెక్కను చూచి చెప్పిన మాట యగును. ఫోను కొన్నను, సైకిలు కొన్నను, పెద్దవారై ఇల్లు కట్టుకొన్నను ఈ యభ్యాసము మీకు తోడుగా నుండును.