మేకల మంత్రము

కవిత్వమునకు మూలకారణమేమియని మన ఆలంకారికులు శతాబ్దుల తరబడి వాదులాడుకొనిరి. శక్తి, నిపుణత, అభ్యాసము ఈ మూడును కలిసి యొక్క కారణమేయని మమ్మటుడనగా, ప్రతిభ కొరవడినను శ్రమించి కొలిచినవానిని వాగ్దేవి వట్టిచేతులతో పంపదని దండి యంతకుముందే యూరడించియుండెను. తెలుగుగడ్డపై పుట్టి ఢిల్లీ పాదుషా కొలువున వెలిగిన జగన్నాథ పండితరాయలు మాత్రము కవియందలి ప్రతిభ యొక్కటియే కారణమని ఖండితముగా పలికెను. ఇదే తగవును కవిత్వమునుండి మంత్రవిద్యకు మరల్చి, ఒక కల్పిత ద్వీపలోకమున విచారణకు పెట్టినట్లుండును అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో ప్రచురించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ యను నవల.

పిల్లల కొరకొక పుస్తకము వ్రాయుమని ప్రచురణకర్త కోరినప్పుడు ఆమెకు తోచిన ప్రశ్న చిన్నది: కథలలో మాంత్రికులందరు ముదుసలులే గదా, ఇంత కఠినమును ప్రమాదకరమునైన విద్యను వీరెప్పుడు, ఎచ్చట నేర్చుకొనిరి? పాతాళభైరవిలోని నేపాళ మాంత్రికుడు ఏ బడిలో చదివెనో మనమెన్నడైన నడిగితిమా?

ఆ లోకమున గాంట్ అను కొండదీవిలో, ఒక కంచరి యింట, ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకొనిన డ్యూనీ యను బాలుడు పెరుగుచుండెను. అతనికేడేండ్లప్పుడు, గుడిసె కప్పుపైకెక్కి దిగనని మొరాయించిన మేకను తల్లి తోబుట్టువొకతె యేవో రెండు ముక్కలు పలికి దింపుట చూచెను. మరునాడు కొండపై మేకలను మేపుచు, అర్థమెరుగకయే, ఆ ముక్కలనే గొంతెత్తి యరచెను. మేకలు వచ్చినవి. చప్పుడు చేయక, పచ్చని కన్నులతో అతనినే చూచుచు వచ్చినవి. పిల్లవాడు నవ్వి మరల పలికెను. అవి మరింత దగ్గరకు వచ్చి, కొమ్ములతోను, బొచ్చుతోను, మేకకంపుతోను అతనిని చుట్టుముట్టినవి. బెదరి పరుగెత్తగా, ఒక్క త్రాట కట్టినట్లు అవియు నతనితోనే పరుగెత్తి యూరిలో దూరినవి. ఊరివారు కొందరు తిట్టిరి, కొందరు నవ్విరి. విడిపించు మాట పిల్లవానికి తెలియదు; ఆ తోబుట్టువే వచ్చి విడిపింపవలసివచ్చెను.

అస్త్రమును ప్రయోగింప నెరిగి ఉపసంహరింప నెరుగని అశ్వత్థామ కథ విన్న మనకీ ఘట్టమున కొత్త లేదు. పుట్టుకతో వచ్చిన శక్తి కులమును గాని సంపదను గాని చూచి రాదనియు, వచ్చినంత మాత్రమున చేతికి లొంగదనియు రచయిత్రి మొదటి పుటలలోనే తేల్చివేసెను. పండ్రెండేండ్ల ప్రాయమున ఆ బాలుడే ఊరిపైబడిన దండును పొగమంచు కల్పించి త్రోవ తప్పించెను. పిమ్మట మాట లేక, తిండి లేక, నిద్ర లేక దినముల తరబడి కొయ్యబారిపోయెను. వైద్యము చేయవచ్చిన ఓగియన్ అను మౌనియే అతనికి గెడ్ అను నిజనామమును పెట్టి శిష్యునిగా గొనిపోయెను.

ఈ గురువు నాకు మిక్కిలి ఇష్టుడు. వాన వచ్చిన, చిల్లర మాంత్రికుడు సైతము మబ్బును ప్రక్కకు నెట్టి పొడిగా పోవునుగదా, ఈయన భూకంపమునే ఆపిన మహానుభావుడయ్యును చెట్టుక్రింద ముడుచుకొని తడియుచు పండుకొనును. చదువెప్పుడు మొదలగునని శిష్యుడు విసిగి యడుగగా, మొదలైనదనును. దారిప్రక్కనున్న యొక పిచ్చిమొక్కను చూపి, దాని వేరును, ఆకును, పువ్వును అన్ని ఋతువులందును గుర్తింప నేర్వుమనును. దాని యుపయోగమేమన్న, నీ యుపయోగమేమని యెదురడుగును. పదుమూడేండ్ల కుర్రవానికిది రుచించునా? గెడ్ రోక్ దీవియందలి విద్యాలయమునకు వెడలిపోయెను.

అచ్చట ఆచార్యులు తొమ్మండుగురు: గాలికొకరు, మూలికలకొకరు, పాటలకొకరు, ఇట్లు. వీరిలో కనికట్టు నేర్పువాడు గులకరాతిని వజ్రముగా చూపును. నిజముగా వజ్రము చేయవలెనన్న దాని పేరునే మార్చవలెననియు, ఒక్క రాతిని మార్చినను లోకమునే మార్చినట్లగుననియు హెచ్చరించును. అన్నిటికంటె కఠినమైనది నామాచార్యుని ఏకాంతగోపురము. ప్రతి వస్తువునకును ప్రాచీనభాషలో ఒక నిజమైన పేరు కలదు; ఆ పేరెరిగినవానికే ఆ వస్తువు వశమగును. కావున శిష్యులు అజ్ఞాతమైన ఒక చిన్న దీవి తీరమందలి ప్రతి కొనకును, ప్రతి వంపునకును గల పేళ్లను వల్లెవేయుచుందురు. నడిరేయి కాగానే కాగితముపై సిరా మాసిపోవును. సముద్రమును శాసింపవలెనన్న అందలి ప్రతి తునుకకును పేరు తెలియవలెను; అది యెవనికిని సాధ్యము గాదు గనుకనే, శాసింపదలచిన మూర్ఖులెందరున్నను సముద్రము మిగిలియున్నది. ఇంతటి నీరసమైన కంఠస్థమును ఇంత గంభీరమైన కట్టుబాటుగా మలచిన కథకులు నాకు వేరొకరు తోచరు.

గెడ్ ఆ కట్టుబాటును దాటెను. సహాధ్యాయి యెగతాళికి రోషపడి, మృతురాలి నొకతెను పిలువబోయి, చీకటినుండి ఒక నీడను లోకములోనికి తెచ్చెను. దానిని తరిమికొట్టుటలో వృద్ధ ప్రధానాచార్యుడు ప్రాణములర్పించెను.

కడపటి పరీక్ష ద్వారపాలకునిది. లోనికి వచ్చునాడు విద్యార్థి తన పేరు చెప్పవలెను. వెలుపలికి పోవునాడు ద్వారపాలకుని పేరు కనుగొనవలెను. గెడ్ ఎంత ఆలోచించినను మంత్రబలము చాలదు, యుక్తి చాలదు. తుదకు పోయి మీ పేరేమని అడిగెను. ఆయన నవ్వి చెప్పెను.

దోషము లేని గ్రంథము కాదిది. గెడ్ తొలిపాఠము నేర్చినది స్త్రీ వద్ద. అయినను రోక్ విద్యాలయమున స్త్రీకి చదువు లేదు. స్త్రీల మంత్రము బలహీనమును, దుష్టమునునను లోకవాదమును రచయిత్రి ఆనాడు ప్రశ్నింపక విడిచెను. ఆమెయే 1990లో ‘తెహాను’ వ్రాసి తప్పు దిద్దుకొనెను; 2001 నాటి కథలలో ఆ విద్యాలయమును స్థాపించినవారిలో స్త్రీలు నుండిరని చూపెను. ‘తెహాను’ నాటికి గెడ్, ప్రధానాచార్య పదవి నధిష్ఠించినవాడు, లోకరక్షణకై తన శక్తినంతయు వెచ్చించి రిక్తుడైనవాడు, తిరిగి గాంట్ కొండపైకెక్కి, మంత్రమొక్కటియు లేకయే, మేకలు కాచుకొనెను.