వెన్నునీటిలో చక్కెరను తిన్నదెవరు?

హైదరాబాద్‌లోని మొజంజాహీ మార్కెట్‌కు ఆ పేరు ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా వల్ల వచ్చింది. ఆయన భార్య నిలోఫర్ పేరు అక్కడికి దగ్గర్లోనే, నాంపల్లి దాటాక రెడ్‌హిల్స్‌లో, ఇంకో గేటు మీద కనిపిస్తుంది. తన పరిచారిక రఫతున్నీసా కాన్పు కష్టమై చనిపోవడంతో చలించిపోయిన నిలోఫర్ పట్టుబట్టి సాధించిన ఆసుపత్రి అది. 1953లో వంద పడకలతో మొదలైంది. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో జబ్బుపడ్డ పిల్లల దారి చివరికి అటే తిరుగుతుంది.

ఇలాంటి పిల్లల ఆసుపత్రుల్లో తరచూ వినబడే గొడవ ఒకటుంది. జ్వరం, వాంతులు, ఫిట్స్‌తో పిల్లాణ్ని తెస్తారు. మెడ వంగదు. మెనింజైటిస్ అనుమానంతో నడుములో సూది పెట్టి నీరు తీయాలంటాడు డాక్టరు. కాళ్లు పడిపోతాయేమో వద్దంటుంది అమ్మమ్మ. అమ్మమ్మ భయం అర్థమయ్యేదే గాని, దానికి ఆధారం లేదు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది దిగేది దానికి కింద, నీరూ నరాల పోగులూ మాత్రమే ఉన్నచోట.

2025 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెనింజైటిస్ నిర్ధారణ, చికిత్సల మీద తన మొట్టమొదటి ప్రపంచస్థాయి మార్గదర్శకాలు వెలువరించింది. ఆ సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో సుమారు 25 లక్షల మందికి ఈ జబ్బు వచ్చింది. వాళ్లలో 16 లక్షల మందిది బాక్టీరియా రకం, వాళ్లలో 2.4 లక్షల మంది చనిపోయారు. ఇంత యంత్రాంగం, ఇన్ని పరీక్షలు వచ్చాక కూడా తీర్పు చెప్పేది నడుములోంచి చుక్కచుక్కగా సీసాలో పడే ఆ నీరే.

మెదడునూ వెన్నుపామునూ చుట్టిన పొరలు వాస్తే మెనింజైటిస్. బాక్టీరియా వల్ల వస్తే గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది, బతికినవాళ్లలో కొందరికి చెవుడు మిగులుస్తుంది. వైరస్ వల్ల వస్తే, ముఖ్యంగా ఎంటెరోవైరస్‌లైతే, చాలామంది పిల్లలు వారం పది రోజుల్లో కోలుకుంటారు. పత్రికలు దీన్నీ 'మెదడువాపు' అనే రాస్తాయి, 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు సోకి 183 మందిని బలిగొన్న చండీపురా వైరస్ జబ్బునూ అలాగే రాశాయి. అది పొరల జబ్బు కాదు, మెదడు మీదే పడ్డ దెబ్బ. ఇక్కడి కథ పొరలది.

తీసిన నీరు నిర్మలంగా ఉంటే కొంత ఊరట. బియ్యం కడిగిన నీళ్లలా ఉంటే డాక్టరు ఇంకేమీ అడగడు, యాంటీబయాటిక్ ఎక్కించేస్తాడు. చిక్కంతా ఈ రెంటికీ మధ్య వాటితోనే. తెల్లకణాలు లెక్కపెడతారు. వేలల్లో ఉండి వాటిలో న్యూట్రోఫిల్స్ ఎక్కువైతే బాక్టీరియా, వందల్లో ఉండి లింఫోసైట్లు ఎక్కువైతే వైరస్ అని పుస్తకం చెబుతుంది. ఎంటెరోవైరస్ ఆ పుస్తకం చదవలేదు కాబోలు, మొదటి రోజున అదీ న్యూట్రోఫిల్స్‌నే పంపుతుంది.

అప్పుడు అందరి చూపూ చక్కెర మీద పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల వెన్నునీటిలో గ్లూకోజు రక్తంలో ఉన్నదానికి మూడింట రెండు వంతులు ఉంటుంది. రక్తంలో 90 మిల్లీగ్రాములుంటే ఇక్కడ దాదాపు 60. బాక్టీరియా మెనింజైటిస్‌లో అది 40కి దిగిపోతుంది, ఒక్కోసారి 10కి, ఒక్కోసారి దాదాపు సున్నాకు. వైరస్ జబ్బులో చాలావరకు కదలదు. జర్మనీలోని కీల్ నగరంలో హైన్రిక్ క్వింకె వెన్నులో సూది దించి నీరు తీసే పద్ధతి చూపింది 1891లో. రెండేళ్లకే, 1893లో, లిక్ట్‌హైమ్ అనే మరో జర్మన్ వైద్యుడు ఈ చక్కెర తగ్గుదలను పట్టుకున్నాడు. పట్టుకోవడం తేలికైంది. ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవడానికి డెబ్భై ఏళ్లు పైనే పట్టింది, అదీ ముందు తప్పుదారిలో నడిచి.

తప్పు జవాబు ఎవరికైనా తట్టేదే: సూక్ష్మజీవులు తినేశాయి. పరీక్షనాళికలో అవి చక్కెర తింటాయి కాబట్టి ఇక్కడా తింటాయని అందరూ నమ్మేశారు. క్షయ మెనింజైటిస్ ఒక్కటి చాలు ఈ వాదం కూలడానికి. ఆ నీటిలో క్షయ సూక్ష్మజీవులు ఎంత అరుదంటే, సూక్ష్మదర్శిని కింద గంటసేపు వెతికినా దొరక్కపోవచ్చు. చక్కెర మాత్రం పాతాళంలో ఉంటుంది. పైగా యాంటీబయాటిక్‌తో బాక్టీరియా చచ్చాక కూడా చక్కెర వెంటనే లేవదు. పొరల్లోకి పాకిన క్యాన్సర్‌లో ఒక్క సూక్ష్మజీవీ ఉండదు, అయినా చక్కెర పడిపోతుంది.

రెండో అనుమానం తెల్లకణాల మీదికి పోయింది. 1960 దశకం మొదట్లో అమెరికాలో పీటర్స్‌డార్ఫ్ బృందం ప్రయోగాలు చేసి, బాక్టీరియాను మింగే పనిలో ఉన్న తెల్లకణాలు గ్లూకోజును గట్టిగానే ఖర్చు చేస్తాయని చూపింది. ఇది కొంత నిజం. కానీ వైరస్ జబ్బులో వందల కణాలున్నా చక్కెర నిలబడే ఉంటుందే!

అసలు దోషి కడుపు కాదు, గుమ్మం. గ్లూకోజు మెదడులోకి తనంతట తాను కారిపోదు. రక్తనాళాల గోడ కణాల్లో గ్లట్-1 అనే వాహక ప్రొటీను ఒక్కో అణువునూ అటునుంచి ఇటు దాటిస్తుంది. రక్తం నుంచి వెన్నునీటికి గ్లూకోజు ఇలా వాహకం మీదే వస్తుందని రాబర్ట్ ఫిష్‌మన్ 1964లో చూపాడు. పొరలు వాచినప్పుడు ఈ దాటింపు కుంటుబడుతుంది. అదే సమయంలో రక్తప్రసారం తగ్గి ఆక్సిజన్ చాలని మెదడు, ఆక్సిజన్ అక్కర్లేని పాత దారిలో గ్లూకోజును కాలుస్తుంది. ఆ దారిలో ఒక అణువు నుంచి వచ్చే శక్తి రెండు ఏటీపీలే. ఆక్సిజన్ ఉంటే ముప్ఫై దాకా వచ్చేవి. అంటే రాబడి తగ్గిన వేళే ఖర్చు పెరిగిందన్నమాట. ఆ మంటలో మిగిలే బూడిద లాక్టేట్.

దీనికి సాక్ష్యం ఎవరూ ఊహించని చోట దొరికింది. 1991లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డారిల్ డి వీవో బృందం ఇద్దరు పసివాళ్ల గురించి రాసింది. ఇద్దరికీ ఫిట్స్. వెన్నునీటిలో చక్కెర ఎప్పుడు తీసినా తక్కువే, రక్తంలో మామూలే. జ్వరం లేదు, బాక్టీరియా లేదు, తెల్లకణాలు లేవు. వాళ్లకు పుట్టుకతోనే గ్లట్-1 సరిగా లేదు. గుమ్మం ఒక్కటి మూసుకుపోతే చాలు, చక్కెర పడిపోతుందని ఆ పిల్లలు తేల్చేశారు. ఇంకా అందమైన సంగతి, వాళ్ల వెన్నునీటిలో లాక్టేట్ కూడా తక్కువే. కాల్చడానికే లేనప్పుడు బూడిద ఎక్కడిది? బాక్టీరియా మెనింజైటిస్‌లో మాత్రం లాక్టేట్ 3.5 మిల్లీమోల్ దాటి పైకి పోతుంది. చక్కెర తక్కువ, లాక్టేట్ ఎక్కువ అన్న జంటే ఆ జబ్బు సంతకం. రక్తంలోని లాక్టేట్ అంత తేలిగ్గా ఇటు దాటదు కాబట్టి, గ్లూకోజులా దీన్ని రక్తంతో పోల్చి చూడక్కర్లేదు కూడా. ఇంత పనికొచ్చే పరీక్షను చాలా చోట్ల అడగనే అడగరు.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం. అమెరికాలో లిస్ నిగ్రోవిక్ బృందం 2002లో తయారుచేసి, 2007లో 3,295 మంది పిల్లల మీద సరిచూసిన, బాక్టీరియా జబ్బు ముప్పును అంచనా వేసే ప్రసిద్ధ స్కోరులో ఐదు అంశాలున్నాయి: గ్రామ్ రంగు పరీక్ష, వెన్నునీటిలో న్యూట్రోఫిల్స్, అందులో ప్రొటీను, రక్తంలో న్యూట్రోఫిల్స్, ఫిట్స్. చక్కెరకు చోటే లేదు! ఐదింట్లో ఏ ప్రమాద సూచనా లేని 1,714 మందిలో ఇద్దరికే బాక్టీరియా జబ్బు తేలింది, ఇద్దరూ రెండు నెలల లోపు పసికందులు. స్కోరు గొప్పదే. కానీ ముందే యాంటీబయాటిక్ పడిన పిల్లలకు అది వర్తించదు. మన దగ్గర ఆసుపత్రి మెట్లెక్కే పిల్లల్లో మందుల షాపు సిరప్ తాగకుండా వచ్చేవాళ్లెందరు? క్షయ అనే మూడో పక్షం కూడా ఆ స్కోరు ఊహలో లేదు. లింఫోసైట్లు చూసి వైరస్ అనుకుని ఇంటికి పంపబోయే డాక్టరును ఆపేది ఆ అడుగంటిన చక్కెరే. గవదబిళ్లల వైరస్ కూడా అప్పుడప్పుడు చక్కెరను దించుతుందన్నది ఒప్పుకోవాల్సిందే.

వాడకం మాటకొస్తే ఫిర్యాదులే మిగులుతాయి. రక్తంలో చక్కెర ఎంతో వెన్నునీరు తీయడానికి ముందే చూడాలి. గ్లూకోజు సెలైన్ ఎక్కుతుండగా తీసిన నీటి నిష్పత్తికి విలువ తక్కువ. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడ్డ రెండు గంటల్లోనే మెనింగోకాకస్ బాక్టీరియా కల్చర్‌లో పెరగడం మానేయొచ్చు, పన్నెండు గంటలు దాటితే చక్కెర కూడా పైకి లేస్తూ అబద్ధం చెప్పసాగుతుంది. అందుకే పిల్లాణ్ని ఆసుపత్రికి తెచ్చేటప్పుడు అంతవరకు వాడిన సిరప్ సీసా, మాత్రల అట్ట, ఇంజెక్షన్ చీటీ ఏదీ పారేయకుండా వెంట తీసుకురండి, చివరి డోసు ఎన్ని గంటలకు వేశారో డాక్టరుకు చెప్పండి.