రోడ్డు సైకిల్‌కు క్రాంకు, గేర్లు: లెక్క మొదలుపెట్టవలసింది కింది మెట్టు నుంచి

ఢిల్లీలోని ఝండేవాలాన్ సైకిల్ మార్కెట్‌లో పాలక్యాన్లు మోసే బరువు బండి గొలుసూ దొరుకుతుంది, కార్బన్ ఫ్రేముతో కట్టే రోడ్డు సైకిల్ విడిభాగాలూ దొరుకుతాయి. తయారైన సైకిల్‌ను ఉన్నది ఉన్నట్లు కొనకుండా, ఫ్రేము, చక్రాలు, బ్రేకులు వేర్వేరుగా ఎంచుకుని తమ కొలతకు కట్టించుకోదలచిన ఔత్సాహికులు రాజధాని ప్రాంతంలో తిరిగే బజార్లలో ఇదొకటి. బేరసారాల్లో ఫ్రేముకూ చక్రాలకూ దక్కే శ్రద్ధ క్రాంకుకు సాధారణంగా దక్కదు. డబ్బు మిగిలితే ఖరీదైనది, మిగలకపోతే దొరికినది. అయితే కొండదారిలో మోకాలు తట్టుకుంటుందా, లేక సగంలో సైకిల్ దిగి నడిపించుకుపోవలసి వస్తుందా అన్నది చాలావరకు తేల్చేది ఆ భాగమే.

క్రాంకు అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే లోహపు చేయి. పొలాల్లో నీరు తోడిన ఏతాం కొయ్యలాగే ఇదీ ఒక తులాదండం. పొడవు పెరిగితే తక్కువ బలం చాలుతుంది, కాని కాలు ఎక్కువ దూరం కదలాలి. ఆ చేతికి బిగించిన ముందు పళ్లచక్రం గొలుసును లాగుతుంది. వెనుక చక్రం మీది పళ్లచక్రాల దొంతర, అంటే క్యాసెట్, ఆ కదలికను అందుకుంటుంది. ముందు పళ్ల సంఖ్యను వెనుక పళ్ల సంఖ్యతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణిస్తే పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. 28 మిల్లీమీటర్ల టైరు వేసిన రోడ్డు సైకిల్ చక్రం చుట్టుకొలత సుమారు 2.14 మీటర్లు.

మన ఊళ్లలో తరతరాలుగా తిరిగిన నల్లటి సైకిల్‌కు సాధారణంగా ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉండేవి. ఒక్క చుట్టుకు దాదాపు ఐదున్నర మీటర్లు. నిమిషానికి 50 చుట్లు తొక్కితే గంటకు 16 కిలోమీటర్ల వేగం. చదును నేల మీద ఆ ఒక్క గేరే సరిపోయింది. ఎత్తు వస్తే దిగి తోసుకుపోవడం ఎవరికీ నామోషీ కాలేదు. నామోషీ అంతా పోటీ సైక్లిస్టులదే. టూర్ డి ఫ్రాన్స్ నిర్వాహకులు గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరొకదానికి మార్చే డిరైలర్‌ను 1937 వరకు అనుమతించనే లేదు. తేలిక గేరు వాడటం బలహీనతకు గుర్తన్న ఆ పాత పట్టుదల ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. పెద్ద పళ్లచక్రం చూడటానికి బాగుంటుందన్న మాట కూడా అందులోంచి పుట్టినదే.

ఢిల్లీ భూస్వరూపం ఈ పొరపాటును ప్రోత్సహిస్తుంది. నగరం సముద్రమట్టానికి 215 మీటర్ల చుట్టుపక్కల ఎత్తులో పరచుకున్న మైదానం. ఆరావళి కొండల కొసగా నగరంలోకి చొచ్చుకువచ్చిన రిడ్జ్ అంతకంటే వంద మీటర్లు మాత్రమే ఎక్కువ. నోయిడా, గ్రేటర్ నోయిడా రోడ్ల మీద ఫ్లైఓవర్లే కొండలు. గురుగ్రామ్ నుంచి ఫరీదాబాద్ వెళ్లే రోడ్డు మీద మాత్రం ఆరావళి కాస్త ఎగుడుదిగుడు చూపిస్తుంది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వాలులు ఎక్కి దిగిన తెలుగువారికి ఇక్కడ మొదటి వారంలోనే తేడా తెలుస్తుంది. రోజుల తరబడి ఒకే పళ్లచక్రం మీద గొలుసు కదలకుండా ఉంటుంది. ఆ అనుభవంతోనే 53, 39 పళ్ల జోడీ, వెనుక 25 పళ్లకు మించని క్యాసెట్ చాలునన్న నిర్ణయానికి రావడం సులువు.

అయితే రోడ్డు సైకిల్ కట్టించుకున్నవారు నోయిడాతో ఆగరు. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ దారి ఉంది. సుమారు 640 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం నుంచి 35 కిలోమీటర్ల లోపే 2,000 మీటర్లకు చేరాలి. సగటు వాలు 4 శాతమే అనిపించినా, నగరం దాటాక చాలాచోట్ల అంతకు మించి ఉంటుంది. సెలవుల్లో సొంత రాష్ట్రానికి సైకిల్ తీసుకువెళ్లేవారికి అరకు ఘాట్ ఉండనే ఉంది.

అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. 75 కిలోల వ్యక్తి, సామగ్రితో కలిపి 10 కిలోల సైకిల్, 7 శాతం వాలు అనుకుందాం. ముందు 39, వెనుక 25 పళ్లు ఉంటే ఒక్క చుట్టుకు 3.33 మీటర్లు. మోకాలికి భారం కాకుండా నిమిషానికి కనీసం 60 చుట్లు తిప్పాలంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం నిలపాలి. దానికి దాదాపు 220 వాట్ల శక్తి కావాలి. పోటీలకు వెళ్లకుండా క్రమం తప్పక తొక్కే వారిలో చాలామంది గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది 150 వాట్లు, మహా అయితే 180. అంటే ఆ గేరులో వేగం కాళ్ల చేతిలో ఉండదు. గేరే వేగాన్ని శాసిస్తుంది. శక్తి చాలనప్పుడు చుట్లు నలభైకి పడిపోతాయి. అయినా పెడల్ మీద మోపవలసిన బలం మాత్రం తగ్గదు.

అదే వాలు మీద ముందు 34, వెనుక 34 పళ్లు ఉంటే ఒక్క చుట్టుకు చక్రం సరిగ్గా ఒకసారి తిరుగుతుంది. 60 చుట్లకు గంటకు 7.7 కిలోమీటర్లు. కావలసిన శక్తి 140 వాట్ల లోపు. పెడల్ మీద సగటున పడే బలం మొదటి సందర్భంలో 20 కిలోల బరువుతో సమానమైతే, రెండో సందర్భంలో 13 కిలోలు. గంటకు 3,600 చుట్లు తిరిగే మోకాలికి ఈ ఏడు కిలోలు చిన్న విషయం కాదు. ఢిల్లీ నుంచి వెళ్లే ప్రతి ఒక్కరూ 34 పళ్లే పెట్టించుకోవాలని కాదు. తన బరువు, తన శక్తి వేసి చూసుకుంటే కింది గేరు ఎక్కడ ఉండాలో ఎవరికి వారికే తేలుతుంది. ముందు అది ఖాయం చేసుకుని, పై గేరు సంగతి తరువాత చూసుకోవాలి.

నిజానికి పై గేరు గురించి ఆందోళన అనవసరం. 50, 11 పళ్ల గేరులో నిమిషానికి 90 చుట్లు తిప్పితే వేగం గంటకు 52 కిలోమీటర్లు. 53 పళ్లు పెడితే అది 55 దాటుతుంది. ఆ వేగంలో దిగువకు జారే దారిలో తొక్కడం మానేసి వంగి కూర్చోవడమే మేలు. ఆడాక్స్ సంప్రదాయంలో జరిగే 200 కిలోమీటర్ల బ్రెవే యాత్రకు గడువు పదమూడున్నర గంటలు. అంటే ఆగే సమయంతో కలిపి సగటు వేగం గంటకు 15 కిలోమీటర్ల లోపు. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌లో 1,200 కిలోమీటర్లకు 90 గంటల గడువు ఉంది, కాని దారి పొడవునా చిన్నచిన్న ఎత్తులు కలిపి సుమారు 12,000 మీటర్ల ఎక్కుడు ఉంది. ఇలాంటి చోట గెలిపించేది పెద్ద పళ్లచక్రం కాదు.

తయారీదారులూ ఇదే దారి పట్టారు. 50, 34 పళ్ల జోడీ ఎప్పుడో మామూలైపోయింది. మధ్యస్థంగా 52, 36 ఉంది. షిమానో సంస్థ 2021లో తన అగ్రశ్రేణి డ్యూరా-ఏస్‌ను 12 గేర్లకు మార్చినప్పుడు 53, 39 జోడీని వదిలేసి, 34 పళ్ల క్యాసెట్‌ను అదే శ్రేణిలో చేర్చింది. స్రామ్ సంస్థ 2019లో వెనుక అతి చిన్న పళ్లచక్రాన్ని 10 పళ్లకు తగ్గించి, ముందు 46, 33 వంటి చిన్న జోడీలు తెచ్చింది. 46ను 10తో భాగిస్తే వచ్చేది, 50ని 11తో భాగిస్తే వచ్చేదానికంటే కాస్త ఎక్కువే. పై వేగం పోలేదు, కింది గేరు తేలికైంది. అయితే 10 పళ్ల క్యాసెట్‌కు వెనుక చక్రం హబ్ కూడా దానికి తగినదే ఉండాలి. చక్రాలు ముందే కొనేసినవారు ఇక్కడ చిక్కుకుంటారు.

పెద్ద క్యాసెట్‌కు ఒక మూల్యం ఉంది. మైదానంలో జట్టుగా పోయేవారికి అది బాగా తెలుస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ముందు 50, వెనుక 17 పళ్లతో నిమిషానికి 80 చుట్లు పడతాయి, 15 పళ్లతో 70. నడుమ 16 పళ్లచక్రం ఉంటే 75 చుట్లతో హాయిగా సాగవచ్చు. పాత 12–25 క్యాసెట్‌లో అది ఉండేది, 11–34లో లేదు. లూ గాలి ఎదురు కొట్టే మే నెలలో ఆ లోటు మరింత బాధిస్తుంది. రెండు క్యాసెట్లు ఉంచుకుని కొండకు వెళ్లే ముందు మార్చుకోవడం ఒక పద్ధతి. ముందు 46, 30 పళ్ల చిన్న జోడీ వేసి, వెనుక దగ్గరి మెట్ల క్యాసెట్ ఉంచుకోవడం మరొకటి. పోటీలు లేనివారికి ఈ రెండోదే తెలివైన ఎంపిక, దుకాణాల్లో వెతికి పట్టుకోవడమే కష్టం.

ఇక క్రాంకు చేయి పొడవు. 165, 170, 172.5, 175 మిల్లీమీటర్లు ఎక్కువగా దొరికే కొలతలు. తయారైన సైకిళ్లలో చిన్న ఫ్రేములకు కూడా 170 బిగించి పంపడం ఆనవాయితీ. పొడవు తగ్గితే శక్తి తగ్గుతుందన్న భయానికి శాస్త్రీయ ఆధారం బలహీనం. జేమ్స్ మార్టిన్, వనీన్ స్పిర్డూసో 2001లో ప్రచురించిన పరిశోధనలో 16 మంది సైక్లిస్టులను 120 నుంచి 220 మిల్లీమీటర్ల వరకు ఐదు కొలతలతో పరీక్షించారు. అంత విస్తారమైన తేడాలోనూ గరిష్ఠ శక్తి మారినది 4 శాతం మేరకే. 2024లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన తదేయ్ పొగాచార్ వాడినది 165 మిల్లీమీటర్ల క్రాంకు.

పొట్టి క్రాంకు లాభం మోకాలికీ తుంటికీ. 5 మిల్లీమీటర్లు తగ్గిస్తే సీటు 5 మిల్లీమీటర్లు పెంచాలి; అప్పుడు పెడల్ పైకి వచ్చినప్పుడు తొడ, పొట్ట మధ్య 10 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. పొట్టి కాళ్లవారికి, నడుము వంగనివారికి ఇది పెద్ద ఊరట. కాకపోతే 170 నుంచి 165కు వస్తే తులాదండం 3 శాతం తగ్గినట్లే. 34 పళ్లలో అది ఒక పన్నుతో సమానం. పొట్టి క్రాంకు ఎంచుకున్నవారు ఆ మేరకు తేలిక గేరు కూడా ఎంచుకోవాలి.

కార్బన్ క్రాంకు 150 గ్రాములు తగ్గిస్తుందనుకున్నా, మనిషితో కలిపి 85 కిలోల్లో అది 0.2 శాతం లోపే. ఆ డబ్బు ఫ్రేముకు సరిపడే బాటమ్ బ్రాకెట్ మీద పెట్టడం మంచిది. మర ఉన్న ఫ్రేముల్లో బ్రిటిష్ కొలతకు కుడివైపు మర ఎడమకు తిరుగుతుంది, ఇటాలియన్ కొలతకు రెండువైపులా మామూలు మరే. తెలియక బలవంతంగా తిప్పితే ఫ్రేమే పాడవుతుంది. ఇరుసు మందం కూడా 24, 29, 30 మిల్లీమీటర్లుగా సంస్థను బట్టి మారుతుంది.

పాత సామాను కొనేవారికి మరో హెచ్చరిక. షిమానో సంస్థ 2012 జూన్ నుంచి 2019 జూన్ వరకు తయారైన 11 గేర్ల అల్టెగ్రా, డ్యూరా-ఏస్ క్రాంకుల్లో అతికించిన రెండు భాగాలు విడిపోయే ప్రమాదం ఉందని 2023 సెప్టెంబరులో ప్రకటించి, ఉచిత తనిఖీ చేపట్టింది. క్రాంకు చేయి లోపలి వైపు ముద్రించిన రెండక్షరాల సంకేతం తయారీ కాలాన్ని చెబుతుంది. మెరుగు చూసి కొనేముందు ఆ అక్షరాలను చదవాలి, అతుకు వెంట సన్నని గీత ఏదైనా కనిపిస్తే వదిలేయాలి.

అన్నీ కుదిరాక వెనుక డిరైలర్ మోయగల పళ్ల తేడాను సరిచూడాలి. ముందు 50, 34 మధ్య తేడా 16, వెనుక 34, 11 మధ్య తేడా 23, మొత్తం 39. పొట్టి చేతి డిరైలర్ దీన్ని మోయలేదు. గొలుసునూ కొత్త క్యాసెట్‌కు తగినట్లు కోయించాలి. 25 పళ్లకు కోసిన పాత గొలుసుతో ముందు పెద్ద పళ్లచక్రం, వెనుక 34 పళ్ల చక్రం రెండూ ఒకేసారి వేస్తే గొలుసు బిగుసుకుని డిరైలర్‌ను విరిచేస్తుంది.