సేన్ నది ఒడ్డున బొమ్మలాట

పారిస్ నగరములో సేన్ నదినుండి ఒక స్త్రీ శవమును పైకి తీయుచున్నారు. గోడలమీద పోలీసువారి ప్రకటన వెలసినది. పడుచులను గొంతు నులిమి చంపు హంతకుడొకడు ఊరిలో తిరుగుచున్నాడు, ఎరిగినవారు వెంటనే తెలుపవలెనని దాని సారాంశము. చీకటి పడిన పిమ్మట ఆడువారు వీధిలోనికి వచ్చుటకు జంకుచున్నారు. అట్టి రాత్రి లూసిల్ అను కుట్టుపని పడుచు స్నేహితురాండ్రతో ఇంటికి మరలుచుండగా, పొడుగుపాటి సన్నని మనిషి యొకడు ఎదురుపడి ఎంతో మర్యాదగా పలుకరించును. అతడు బొమ్మలాటగాడు. తన ఆట చూడ రమ్మని వారిని పిలుచును.

హంతకుడతడే. ఈ సంగతి మనకు దాచవలెనని దర్శకుడు పెద్దగా తాపత్రయపడలేదు. ఎవరు చంపినారన్న ప్రశ్నను తొందరగానే పక్కకు నెట్టి, ఎందుకు చంపుచున్నాడన్న దానిని పట్టుకొని కథను నడిపినాడు. 1944 నవంబరులో విడుదలయిన ఆ చిత్రము పేరు 'బ్లూబియర్డ్', అనగా నీలిగడ్డమువాడు. పెండ్లాడిన భార్యలను వరుసగా చంపి గదిలో దాచిన నీలిగడ్డపు ప్రభువు కథను 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెర్రో అచ్చువేయించినది మొదలు, ఐరోపాలో స్త్రీలను చంపిన ప్రతివానికి అదే పేరు అంటగట్టుట అలవాటయినది. 1922లో శిరచ్ఛేదము పొందిన లాండ్రూకును ఆ బిరుదే దక్కినది. ఈ చిత్రములోని గాస్తోన్ మోరెల్‌కు మాత్రము గడ్డమూ లేదు, భార్యలూ లేరు. అతడు చిత్రకారుడు. పొట్టకూటికి బొమ్మలాట ఆడించును, రహస్యముగా పటములు గీయును. ఏ స్త్రీని గీసినను, పటము పూర్తియైన తరువాత ఆమె బ్రతికియుండదు.

ఈ చిత్రమును తీసిన సంస్థ పి.ఆర్.సి. చౌకబారు చిత్రములు తీయు చిన్న సంస్థలను హాలీవుడ్డువారు ఎగతాళిగా 'పావర్టీ రో' అనెడివారు, దరిద్రుల వరుస అన్నమాట. ఆ వరుసలోను చివర నిలువదగినది పి.ఆర్.సి. అట్టిచోటికి ఎడ్గార్ ఉల్మర్ వంటి ప్రజ్ఞావంతుడెట్లు చేరెనన్నది మరియొక కథ. 1904లో ఓలోమౌట్స్ పట్టణమున పుట్టి వియన్నాలో పెరిగినవాడతడు. 1930లో బెర్లినులో యువకులు కొందరు చేరి తీసిన 'పీపుల్ ఆన్ సండే' చిత్రమునకు రాబర్ట్ సియోడ్మాక్‌తోబాటు దర్శకుడు. 1934లో యూనివర్సల్ సంస్థకు కార్లాఫ్, లుగోసీలతో 'ది బ్లాక్ క్యాట్' తీసి డబ్బు రాబట్టి పెట్టినాడు. ఆ వెంటనే ఆ సంస్థ యజమాని మేనల్లుని భార్య షర్లీని ప్రేమించినాడు. ఆమె భర్తను విడిచి ఇతనిని పెండ్లాడినది. పెద్ద స్టూడియోల తలుపులు మూతబడినవి. ఉల్మర్ న్యూయార్కు చేరి యిద్దిష్, ఉక్రేనియన్ భాషలలో సైతము చిత్రములు తీసి, చివరకు పి.ఆర్.సి. గూటిలో తలదాచుకొన్నాడు. షర్లీ జీవితాంతమూ అతని చిత్రములకు చిత్తుప్రతి చూచుకొనుచు పక్కననే పనిచేసినది. ఇంతకన్న మంచి బేరము హాలీవుడ్డులో ఎందరు చేసికొన్నారో నాకు తెలియదు.

తన చిత్రములు ఆరేసి దినములలో ముగించితినని ఉల్మర్ 1970లో పీటర్ బొగ్డనోవిచ్‌తో చెప్పినాడు. పేరుమోసిన 'డిటూర్' విషయమున ఆ లెక్క అతిశయోక్తియని తరువాత పరిశోధకులు తేల్చినారు. ముసలితనములో తన కష్టమును కొంత పెంచి చెప్పుకొనని కళాకారుడుండడు. దినములెన్నియైనను, చేతిలో డబ్బు లేనిమాట నిజమే. 'బ్లూబియర్డ్' చూచినవారికి ఆ లేమి కనబడుచునే యుండును. పారిస్ నగరమంతయు గీసిన తెరలే. నదిమీది వంతెన, దూరపు గోపురములు, ఇంటికప్పులు, అన్నియు కుంచె పనియే. వేరొక చిత్రమున నవ్వు పుట్టించు ఈ లోపము ఇచ్చట కథకు ఒదిగిపోయినది. చిత్రకారుని మనస్సులో జరుగు కథకు గీసిన ఊరే తగిన ఊరు. అతడు తన గతమును చెప్పుకొను ఘట్టమున గోడలు ఒరుగును, కెమెరా పక్కకు వాలును, నీడలు మనుష్యులకన్న పెద్దవగును. బెర్లినులో నేర్చిన విద్యను ఉల్మర్ దరిద్రుల వరుసకు మూటగట్టి తెచ్చినాడు.

ఈ నీడలకు కారకుడు మరియొకడు కలడు. ఛాయాగ్రాహకుడుగా తెరమీద వేసిన పేరు జాకీ ఫైండెల్‌ది. ఆ పనిని నిజముగా నడపినవాడు యూజెన్ షుఫ్టాన్. అద్దము సాయమున చిన్న నమూనాలను మహాసౌధములుగా చూపు ఉపాయము కనిపెట్టి 'మెట్రొపోలిస్'లో ప్రయోగించిన నేర్పరి అతడే. నాజీల వలన జర్మనీ విడిచి వచ్చిన అతనిని అమెరికాలో ఛాయాగ్రాహకుల సంఘము చేర్చుకొనలేదు. కనుక పని అతనిది, పేరు మరొకరిది. 1961 నాటి 'ది హస్లర్' చిత్రమునకు ఆస్కారు బహుమతి వచ్చువరకు ఆ దేశము అతనిని గుర్తించినదనుటకు లేదు. ఈ చిత్రములో అద్దమునకు ఒక పాత్రయే యున్నది. మోరెల్ తన ముఖము కనబడకుండ చాటున నిలిచి, ఎదుటి స్త్రీని అద్దములో చూచుచు పటము గీయును. మనిషిని నేరుగా చూడలేనివాడు ప్రతిబింబమును మాత్రము చూడగలడు.

బొమ్మలాటను గూర్చి చెప్పక తీరదు. మన తోలుబొమ్మలవలె తెరమీది నీడలు గావు, దారములకు వ్రేలాడు బొమ్మలు. వానిని తయారుచేసినవారిలో బాబ్ బేకర్ ఒకడు. ఆనాటికి ఇరువది యేండ్లవాడు. 1963లో లాస్ ఏంజెలెస్‌లో సొంత బొమ్మలాటశాల తెరచి పేరు గడించినాడు. చిత్రములో ఆడించినది గూనో రచించిన 'ఫౌస్ట్' గేయనాటకము. ఆత్మను సైతానునకు అమ్ముకొన్నవాని కథను మోరెల్ చేతులు ఆడించుచుండును. కథ ఆగినను పరవాలేదని ఉల్మర్ ఆ ఆటను తీరికగా చూపినాడు. కొందరికి అది సాగదీతగా తోచును. నాకు మాత్రము చిత్రమంతటిలో అదియే ప్రాణము. పైనుండి దారములను పట్టుకొని, వేదికమీదికి వంగి చూచు ఆ ముఖములో హంతకుడు లేడు, తన పనియందు లీనమైన శిల్పి యున్నాడు. సంగీతకర్త లియో ఎర్డొడీ ముస్సోర్‌స్కీ 1874లో రచించిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్' స్వరములను పలుచోట్ల వాడుకొన్నాడు. చనిపోయిన చిత్రకారుడైన తన మిత్రుని పటములను తలచుకొని ముస్సోర్‌స్కీ కూర్చిన సంగీతమది. పటములకు, మృత్యువునకు ముడిపెట్టిన ఈ కథకు అంతకన్న తగినది దొరకదు.

మోరెల్‌గా నటించినవాడు జాన్ కారడైన్. రెండువందలకు పైబడిన చిత్రములలో, వానిలో చాలభాగము చెప్పుకొనదగనివానిలో, నటించిన ఈయన తన పాత్రలలో దీనినే మిక్కిలి ఇష్టపడెడివాడు. ఆ రోజులలోనే షేక్‌స్పియరు నాటకములాడుటకు సొంత బృందమును నడపి, సినిమాలలో సంపాదించినది అందులో పోసినాడు. గంభీరమైన కంఠము గలవాడు, అరచి ఆడుటలో అందెవేసినవాడు. ఇచ్చట మాత్రము గొంతు తగ్గించినాడు. ప్రేయసి రెనే అతనిని పాత స్త్రీల మాట అడిగి అసూయతో వేధించు ఘట్టమున అతని కన్నులు మాత్రమే మారును. తరువాత ఏమి జరుగునో మనకు తెలియును. రెనేగా నటించిన సోనియా సోరెల్ పిమ్మట కారడైన్‌ను పెండ్లాడినది.

ఇక అతని తగవు. తిండిలేక వీధిలో పడిపోయిన జానెట్ అను అమ్మాయిని తాను కాపాడితిననియు, ఆమెను పుణ్యవతియగు జోన్ వీరవనితగా గీసితిననియు, ఆ పటమునకు మన్నన దొరికిన నాడు ఆమెను వెదకిపోగా మోటు మనిషిగా మారి తనను చూచి ఎగతాళిగా నవ్వినదనియు, అందుకు ఆమెను చంపితిననియు మోరెల్ చెప్పుకొనును. ఆ తరువాత ఏ స్త్రీని గీసినను పటములో జానెట్టే కనబడెనట. కారడైన్ ఈ మాటలు చెప్పుచుండగా జాలి కలుగకపోదు. చిత్రము చేయు పెద్ద తప్పును అక్కడనే చేయుచున్నదని నా అభిప్రాయము. జానెట్ తన మాట చెప్పుకొనుటకు ఒక్క నిమిషమైనను దొరకలేదు. తన్ను దేవతగా గీయుమని ఆమె అడిగినదా? పటము ఆమెను పోలలేదు. ఆ తప్పు గీసినవానిది, శిక్ష గీయబడినదానికి. ఉల్మర్‌కు ఈ సంగతి తెలియకపోలేదేమో! అతనిని తుదకు పట్టించునది పోలీసు అధికారి లెఫెవ్ర్ తెలివి కాదు. మోరెల్‌ను వలలో వేయుటకు లూసిల్ చెల్లెలు, పోలీసుల రహస్యోద్యోగిని ఫ్రాన్సిన్, తనను తానే ఎరగా చేసికొని ప్రాణము పోగొట్టుకొన్నది. ఆశపోతు పటముల వర్తకుడు లమార్తే, ఎవరి చావుపైనైనను కమీషను లెక్కించగలవాడు, ఈ బేరమునకు తోడ్పడినాడు.

చెల్లెలి ప్రాణము తీసిన మెడరుమాలును లూసిల్ చూచును. అంతకుముందు చినిగిన దానిని మోరెల్ కొరకు కుట్టి బాగుచేసినది ఆమెయే. ఆ కుట్టు తన చేతిది. తాను వేసిన కుట్టును కుట్టుపనిది మరచునా? పోలీసులు, పటములు, అద్దములు తేల్చలేని దానిని చిన్న దారపు వరుస తేల్చినది. ఆమె ఆ రుమాలు తీసికొని తిన్నగా అతని యింటికి పోవును. ఆ తరువాతి సంభాషణలో జీన్ పార్కర్ ముఖమున భయముకన్న బాధ ఎక్కువ కనబడును. ప్రేమింపబోయిన మనిషి ముందు నిలిచి, అతని నోటనే నిజము వినవలెనని ఆమె కోరిక.

పోలీసులు వచ్చిన తరువాత జరుగునది వేగముగా ముగియును. ఇంటికప్పులమీద పరుగు, కాలుజారుట, క్రింద నల్లని నీరు. మొదట శవమును తీసిన నదియే. ఆ సంవత్సరము ఆగస్టులో నిజమైన పారిస్ జర్మనుల చెరనుండి బయటపడినది. అదే యేట హాలీవుడ్డులో, స్వదేశము విడిచిన వారు కొందరు చేరి, అట్టలతో, తెరలతో, నీడలతో మరియొక పారిస్‌ను కట్టి, అందులో బొమ్మలాటగానిని నీటిలోనికి త్రోసినారు.