ఓటు లేని కార్యకర్తలు

1983 జనవరి 5. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజు. సైకిల్ గుర్తుకు ఓటెయ్యమని ఊరూరూ తిరిగి గొంతులు పోగొట్టుకున్న మా జట్టులో చాలామంది ఆ రోజు ఓటే వెయ్యలేదు. అప్పట్లో ఓటు హక్కు ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లకే. మాకింకా ఏడాదో, రెండేళ్లో తక్కువ. పద్దెనిమిదేళ్లకే ఓటు అన్నది 1989లో గానీ అమల్లోకి రాలేదు. తెలుగుదేశాన్ని మొదటిసారి గద్దెనెక్కించిన చేతుల్లో వేలికి సిరా అంటని చేతులు ఎన్నో ఉన్నాయి.

నేను ఆ పార్టీ మనిషిని. అప్పుడూ, ఇప్పుడూ. తటస్థంగా రాస్తున్నానని చెప్పను. లోపలుండి చూసింది చూసినట్టు చెబుతాను.

నలభై ఏళ్లుగా ఆ గెలుపు గురించి ఒకటే మాట వింటున్నాను. ఎన్.టి. రామారావు గారి సినిమా ఆకర్షణకు జనం ఓట్లు గుద్దేశారని. ఆయన లేకపోతే పార్టీయే లేదు, ఆ సంగతి మాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఈ మాట నాకు మింగుడు పడదు. జనం రోడ్డు మీదికి రావడం ఒకటి, ఆ జనం ఓటై పెట్టెలో పడటం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య పని చేసినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ కనిపించవు.

నాటి పరిస్థితి చాలామందికి తెలిసిందే. 1978లో గెలిచిన కాంగ్రెస్ ఐదేళ్లు తిరగకుండానే నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎవరు ఉండాలో, ఎవరు దిగాలో ఢిల్లీ తేల్చేది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ మందలించారు. ఆ వార్త చదివి, అంజయ్య అంటే గిట్టనివాళ్లు కూడా బాధపడ్డారు. మార్చి 29న హైదరాబాద్‌లో రామారావు గారు పార్టీ ప్రకటించారు. పోలింగ్‌కి చేతిలో ఉన్నది తొమ్మిది నెలలు.

కుట్టుమిషన్ పక్కన పార్టీ ఆఫీసు

మాది కృష్ణా డెల్టాలో ఓ మోస్తరు ఊరు. మునసబు, కరణం, సొసైటీ ప్రెసిడెంటు ముగ్గురూ కాంగ్రెస్ వైపే. పంట రుణం కావాలన్నా, అడంగల్‌లో పేరెక్కాలన్నా ఆ ముగ్గురి అరుగులే దిక్కు. "మీకు ఓటేస్తే రేపు నా కాగితం మీద సంతకం ఎవరు పెడతార్రా?" అని మా పెదనాన్నే అడిగాడు. అభిమానం ఉన్నా, భయం అంతకంటే పెద్దది. ఆ భయాన్ని తియ్యకుండా ఎన్ని జిందాబాద్‌లు కొట్టినా లాభం లేదు.

ఈ సంగతి మాకు చెప్పింది ఊళ్లో దర్జీ బాబాయ్. ఆయన పాత కమ్యూనిస్టు. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులతో మా పార్టీకి సీట్ల సర్దుబాటు కుదరలేదు, వాళ్లు విడిగా పోటీ చేశారు. ఆయన మాత్రం మా వైపు వచ్చేశాడు. 1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలప్పుడు కమ్యూనిస్టుల సభలకు జనం విరగబడి వచ్చారు. తీరా లెక్కపెడితే 196 స్థానాల్లో ఆ పార్టీకి దక్కినవి 15. ఆ దెబ్బ స్వయంగా తిన్న మనిషి కాబట్టి కిక్కిరిసిన సభ చూసి పొంగిపోయేవాడు కాదు. ఆయన కొట్టు అరుగే మా ఆఫీసు. పగలు అక్కడే పసుపు గుడ్డ కత్తిరించి జెండాలు కుట్టేవాడు. గుడిసె, నాగలి, చక్రం బొమ్మలు మేం అచ్చు పెట్టి అద్దేవాళ్లం. నూర్పిళ్ల రోజులు కావడంతో ఇళ్లకు వెళ్లాల్సింది రాత్రి పూటే. పొద్దంతా కుప్పల దగ్గర ఉన్నవాళ్లు దీపాలు పెట్టాకే దొరికేవాళ్లు.

చైతన్య రథం మా వైపు వచ్చిన రాత్రి నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. పాత షెవర్లే వ్యాన్‌ని ప్రచారానికి తగ్గట్టు మార్చిన బండి అది. హరికృష్ణ నడిపేవారు. సాయంత్రానికి వస్తారన్నారు, వచ్చేసరికి తెల్లవారుజామైంది. మంచులో గడ్డి మంటలు వేసుకుని, చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు అలాగే కూర్చున్నారు. ఖాకీ బట్టల్లో రామారావు గారు బండి పైకెక్కి నిలబడగానే లేచిన కేక చెరువు అవతలి ఊరికి వినపడింది. మేం ఒళ్లు మరిచి అరుస్తుంటే దర్జీ బాబాయ్ మమ్మల్ని పక్కకు లాగాడు. ఏ పేట నుంచి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో చూసి రాసుకోమన్నాడు. మర్నాటి నుంచి మా తిరుగుడు రానివాళ్ల ఇళ్ల వైపే.

గుర్తు, ముద్ర, మడత

అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది ఓటు రహస్యమని నమ్మించడానికి. బ్యాలెట్ పుస్తకంలో కౌంటర్‌ఫాయిల్ మీద వేలిముద్ర తీసుకుంటారు కదా, నంబరు చూసి ఎవరెవరికి వేశారో పట్టేస్తారని ఊళ్లో పుకారు. అది ఎవరు పుట్టించారో ఊరందరికీ తెలుసు. ఆ కౌంటర్‌ఫాయిళ్లకు సీలు వేసి దాచేస్తారని, కోర్టు చెబితే తప్ప ఎవరూ తెరవడానికి లేదని ఇంటింటికీ చెప్పాం. ఒకసారి చెబితే నమ్మలేదు. మళ్లీ వెళ్లి చెప్పాం.

తర్వాత నమూనా బ్యాలెట్ పట్టుకుని ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాం. హస్తం గుర్తు 1978 నుంచీ అలవాటైనది, సైకిల్ కొత్తది. "ముద్ర ఎక్కడెయ్యాలి నాయనా, చక్రం మీదా, సీటు మీదా?" అని ఓ ముసలమ్మ అడిగింది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. ముద్ర రెండు గళ్ల మధ్య గీత మీద పడి, ఎవరికి వేశారో తేలకపోతే ఆ ఓటు చెల్లదు. కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. లేదంటే తడి సిరా ఇంకో గుర్తు మీద అంటుకుని లెక్కింపులో తగువు అవుతుంది. ఆ అవ్వ చేత పదే పదే మడత పెట్టించాం. ఈ పని ఏ సినిమా తారా చేయలేదు. ఓటు లేని కుర్రాళ్లు చేశారు.

ఓటర్ల జాబితా ముందేసుకుని రాత్రుళ్లు స్లిప్పులు రాశాం. తెల్ల కాగితం మీద పేరు, వరస నంబరు, బూత్ నంబరు. అంతే ఉండాలి, గుర్తు ఉండకూడదు. జాబితాలో చనిపోయినవాళ్లున్నారు, పెళ్లై అత్తారింటికి వెళ్లిపోయిన ఆడపిల్లలున్నారు. ఆ పేర్లన్నీ విడిగా రాసి మా ఏజెంటు చేతికిచ్చాం. దొంగ ఓటు పడేది అక్కడే. ఓటెయ్యడానికి వచ్చిన మనిషి వేరొకడని ఏజెంటుకు అనుమానం వస్తే సవాలు చేయొచ్చు. అందుకు ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఒక్కో సవాలుకు రెండు రూపాయలు డిపాజిట్ కట్టాలి. కిలో బియ్యం రెండు రూపాయలకు ఇస్తామని ప్రచారం చేసిన పార్టీ ఏజెంటుగా దర్జీ బాబాయ్ జేబు నిండా రెండు రూపాయల నోట్లు పెట్టుకుని పోలింగ్ రోజు పొద్దున్నే బళ్లోని బూత్‌లో కూర్చున్నాడు. ఖాళీ పెట్టె చూపించమన్నాడు, పేపర్ సీలు నంబరు రాసుకున్నాడు. మొదటి సవాలుకే వచ్చినవాడు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ కబురు వరసలో చివరిదాకా పాకింది. ఆ తర్వాత అలాంటివాళ్లు మా బూత్ వైపు రాలేదు.

ఫలితాలు చరిత్రకెక్కాయి. 294 స్థానాల్లో తెలుగుదేశానికి 200 దాటాయి, కాంగ్రెస్ 60 దగ్గర ఆగింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కాంగ్రెసేతర ముఖ్యమంత్రి రావడం అదే మొదలు. జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య రామారావు గారు ప్రమాణం చేశారు. ఏడాది తిరిగేసరికి మునసబు, కరణం పదవులే రద్దయ్యాయి. మా పెదనాన్న సంతకం కోసం ఆ అరుగులెక్కే అవసరం తీరిపోయింది. ఎన్నికల్లో మేం గెలిచింది ఎందుకో ఊళ్లో చాలామందికి అర్థమైంది ఆ రోజునే.

ఇప్పుడు ప్రతి పార్టీకీ సర్వే సంస్థలున్నాయి, వ్యూహకర్తలున్నారు. మా పార్టీకీ ఉన్నారు. పోలింగ్ ముందు రాత్రి కవర్లు పంచితే సరిపోతుందనుకునే నాయకులు అన్ని జెండాల కిందా ఉన్నారు. ఇది నాకు బాధ కలిగించే విషయం, దాచుకోను. డబ్బుతో పెట్టిన ఏజెంటు సాయంత్రం దాకా బూత్‌లో కూర్చుంటాడు, అంతవరకే. అవ్వ చేత బ్యాలెట్ మడతపెట్టించే ఓపిక, చనిపోయినవాడి పేరు మీద ఓటు పడకుండా పట్టుకునే తెగువ జీతానికి రావు. పార్టీ మీద ప్రేమ ఉన్నవాడికే వస్తాయి. అలాంటివాడికి పార్టీలో చోటు లేకపోతే అది పార్టీ తప్పే.

పార్టీ పెద్దలకు నాదొక విన్నపం. ఏటా మే నెలలో మహానాడులో అన్నగారిని తలుచుకుంటాం. అది మన ధర్మం. ఆ వేదిక మీద 1983లో బూత్‌లో కూర్చున్న ఏజెంట్లకు, గోడలు రాసినవాళ్లకు, స్లిప్పులు పంచినవాళ్లకు కూడా ఓ పూట కేటాయించండి. ఊరూరా వాళ్ల పేర్లు సేకరించి పుస్తకం వేయండి. దర్జీ బాబాయ్ ఇప్పుడు లేడు. ఉన్నవాళ్లలో చిన్నవాళ్లకే అరవై దాటాయి. ఈ పని వచ్చే మహానాడులోపే మొదలుపెట్టండి.